నాలుగో తూము ఎడమ మర

పౌర్ణమి. పెద్ద పోటు.

ఇది తూముల రిజిస్టరు. ఉద్యోగంలోంచి మమ్మల్ని పంపేసిన రోజున చంకలో పెట్టుకుని ఇంటికి తెచ్చేసుకున్నాను. దొంగతనమే, కాదనను. పదహారేళ్ళుగా పప్పుల డబ్బా కింద ఎత్తుకు పనికొచ్చింది. ఇవాళ దుమ్ము దులిపి బయటికి తీశాను. లస్కరు చేతికి కాగితం దొరికితే ముందు తిథి, పోటు రాస్తుంది. ఆ అలవాటు నాకింకా పోలేదు.

నా పేరు మంగతాయారు. డెబ్భై ఒకటి నిండాయి. మూడో కట్ట మీది పన్నెండు తూములకీ ముప్ఫయ్యేళ్ళు లస్కరుగా చేశాను. చివరి ఆరేళ్ళూ హెడ్ లస్కరుని. ఆటు తీసినప్పుడు తలుపులెత్తి ఊళ్ళో మురుగునీళ్ళు సముద్రంలోకి వదలాలి, పోటు రాకముందే దించెయ్యాలి. పోటు మీదున్నప్పుడు సముద్రం మా ఊరికంటే నిలువెత్తు పైన ఉంటుంది. చక్రం తిప్పడం పది నిమిషాలు ఆలస్యమైతే ముందు మునిగేది పల్లం వీధి. తర్వాత మోటార్లొచ్చాయి, మేం ఇళ్ళకు పోయాం.

పోయిన అమావాస్య పొద్దున, పోటు వేళకి, నాలుగో తూము మోటారు ఆగిపోయింది. తలుపు సగం ఎత్తి ఉంది. మోటార్ల గదిలో పనిచేసే నూకరత్నం పరిగెత్తి వెళ్ళి చేతి చక్రం పట్టుకుంది. నేను పని నేర్పిన ఆఖరి పిల్ల అది. ఇప్పుడు నలభై దాటాయనుకోండి, నాకింకా పిల్లే. పదకొండు నిమిషాలు చక్రాన్ని ఎడమకి తిప్పింది. చక్రం ఎటు తిరుగుతోందో చూసి, తూము తెరుస్తున్నారో మూస్తున్నారో చెప్పే కెమెరా ఒకటి కట్ట మీద ఉంది, నేత్రమంటారు. అది ఇదంతా చూసి, "తెరుస్తున్నది" అని సైరన్ మోగించింది. కాపలా జవాను తాతబ్బాయి వచ్చి, నూకరత్నాన్ని అవతలికి లాగిపారేసి, చక్రాన్ని కుడికి తిప్పాడు. కాసేపటికి మోటారుకి కరెంటొచ్చి తలుపు దానంతటదే పడింది. ఈలోగా పల్లం వీధిలో ఇస్త్రీ కొట్టు లోవరాజు, అతని చెల్లెలు పైడితల్లి నీళ్ళలో పోయారు. తాతబ్బాయికి శాలువా కప్పారు. నూకరత్నాన్ని బోనెక్కించారు.

ఇవాళ జ్యూరీ కూర్చుంది. తీర్పు బహుళ నవమికి. నేరం రుజువైతే గోడ దాటిస్తారు. తెప్ప మీద కూర్చోబెట్టి, మూడు రోజుల మంచినీళ్ళిచ్చి, కట్ట అవతల వదిలేస్తారు. అలా వెళ్ళి తిరిగొచ్చినవాళ్ళను నేను చూడలేదు.

నూకరత్నం ఊరిని ముంచలేదు. మూస్తోంది. నాలుగో తూముది ఎడమ మర. తక్కిన పదకొండూ కుడికి తిప్పితే మూసుకుంటాయి, అదొక్కటే ఎడమకి తిప్పితే మూసుకుంటుంది. పాత కాలవ లాకుల్లోంచి ఊడదీసి తెచ్చిన మర అది. ఈ సంగతి తెలిసినవాళ్ళు ఇప్పుడు ఊళ్ళో ముగ్గురం.

పాడ్యమి.

పులుసులో ఉప్పు రెండుసార్లు వేశాను. పారబోసి, మజ్జిగ తాగి, జైలు కిటికీ దగ్గరికి వెళ్ళాను.

నూక చిక్కిపోయింది. నన్ను చూడగానే నా మోకాళ్ళ గురించి అడిగింది. ఎలాంటి మనిషో చూడండి.

"నామీద పడి ఏడవక, నీ సంగతి చెప్పు. నాలుగోది ఎడమ మరని చెప్పావా లేదా?" అన్నాను.

"ఎన్నిసార్లు చెప్పాను అత్తా! నోటిమాట సాక్ష్యం కాదంటున్నారు. నేత్రం చూసిందే సాక్ష్యమంట. నేత్రమేమో తెరుస్తోందంది."

"ఆ తూము దగ్గరికెళ్ళి తిప్పి చూడమనొచ్చుగా."

"ప్లీడరుగారు అడిగారు. తూముకి సీలేశారు, తనిఖీ అడిగే హక్కు జ్యూరీలో కూర్చున్నోళ్ళకే ఉందన్నారు. పన్నెండుమందిలో ఒక్కరు చెయ్యెత్తినా చాలంట." చిన్న గొంతుతో అడిగింది. "అత్తా, అది ఎడమేగా? నువ్వు నేర్పిందే నేను చేశాను."

ఎడమే అన్నాను. ఒట్టేసి మరీ చెప్పాను.

జ్యూరీలో ఒక్కరు చెయ్యెత్తాలి. కానీ ఎత్తాలని వాళ్ళకెలా తెలుస్తుంది? పన్నెండుమందిలో యాభై దాటినవాళ్ళు లేరు. చేతి చక్రం తిప్పినవాళ్ళు అసలే లేరు. మేడ మీద పెట్టి తాళం వేశారు కాబట్టి బయటివాళ్ళు వెళ్ళి చెప్పడానికీ లేదు.

తదియ.

జ్యూరీలో ఒకావిడకి జ్వరమొచ్చి దించేశారని వీధిలో అనుకుంటుంటే విన్నాను. చెప్పుల జత కూడా చూసుకోలేదు. ఒక కాలికి నాది, ఇంకో కాలికి పక్కింటావిడది వేసుకుని జ్యూరీ ఆఫీసుకి పరిగెత్తాను. పరిగెత్తానంటే నా మోకాళ్ళు నవ్వుతాయి, కానీ అదే మాట రాస్తున్నాను.

గుమాస్తా పేరు కిరీటి. మర్యాదస్తుడు. కుర్చీ వేశాడు, మంచినీళ్ళిచ్చాడు, ఫ్యాను నా వైపు తిప్పాడు.

"ఆ ఖాళీలో నన్ను కూర్చోబెట్టు బాబూ."

"మీ వయసెంతండీ మామ్మగారూ?"

"మామ్మగారని పిలవకు. డెబ్భై ఒకటి."

బల్ల మీది కంప్యూటరు అద్దం మీద వేలు పెట్టమన్నాడు. పెట్టాను. "మీరు మినహాయించబడినారు. విశ్రాంతి తీసుకొనగలరు" అని ఆడగొంతు తియ్యగా చెప్పింది. అరవై అయిదు దాటినవాళ్ళకి జ్యూరీ పని లేదు.

"ఆ మినహాయింపు నాకొద్దు. వదులుకుంటున్నాను. ఎక్కడ సంతకం పెట్టాలో చూపించు."

"వదులుకునే వీలు నిబంధనల్లో లేదండీ. పెద్దవాళ్ళకి మేలు చెయ్యాలనే పెట్టారు కదండీ."

"ఎవడు అడిగాడు ఆ మేలు?"

కిరీటి ఇబ్బందిగా నవ్వి, అద్దం నా వైపు తిప్పాడు. పదకొండేళ్ళ కిందటి అర్జీ. కింద నాలుగు వందల పన్నెండు సంతకాలు. అందరికంటే పైన, వంకర లేకుండా, నా సంతకం.

మర్చిపోలేదు నేను. అరవయ్యో ఏట ఒక బియ్యం దొంగతనం కేసులో ఆరు రోజులు జ్యూరీలో కూర్చోబెట్టారు. ఆ చెక్కబెంచీ మీద నడుం పడిపోయి, లేచేసరికి ఇద్దరు పట్టుకోవాల్సొచ్చింది. కోపమొచ్చి ఇల్లిల్లూ తిరిగాను. ముసలాళ్ళం, మమ్మల్ని వదిలెయ్యండి మహాప్రభో అని అర్జీ పెట్టాను. అడిగిన మూడు నెలల్లో ఇచ్చేశారు. అప్పుడే అనుమానించాల్సింది. రాలేనివాళ్ళకి సెలవిమ్మని మేం అడిగితే, వాళ్ళు పేర్లే కొట్టేశారు. కొరివితో తల గోక్కోవడమంటే ఇదే.

"నాకు తెలిసిన సంగతొకటుంది బాబూ. అది చెప్పడానికైనా పైకి పంపు" అన్నాను.

"నోటిమాట చెల్లదండీ. మీ దగ్గర నేత్రం తీసిన బొమ్మేదైనా ఉందాండీ?"

లేదన్నాను. గేటు దాకా వచ్చి దిగబెట్టాడు. నా చెప్పుల వైపు చూశాడు. ఆ చూపు చూశాక బతికేం లాభమనిపించింది.

చవితి.

రాయాలో వద్దో తెలీక పొద్దున్నుంచీ రెండుసార్లు పప్పు ఏరాను. రాస్తాను.

నాలుగో తూము సంగతి ఏ కాగితంలోనూ లేదు. ఎందుకు లేదంటే, అది మా లస్కర్ల వేడుక. పనిలో కొత్తగా చేరినవాళ్ళని మొదటి రోజు "వెళ్ళి నాలుగోది మూసిరా" అని పంపేవాళ్ళం. వాళ్ళు కుడికి తిప్పి తిప్పి చెమటలు కక్కుతుంటే, గట్టు మీద కూర్చుని కడుపుబ్బ నవ్వేవాళ్ళం. ఓడిపోయినవాళ్ళు అందరికీ పకోడీలు కొనివ్వాలి. నూక రెండు పొట్లాలు కొనిచ్చింది. అందరికీ తెలిసినదాన్ని ఎవరు రాస్తారు? రాస్తే వేడుక పోదూ?

అదొక్కటే అయితే ఈ కాగితం మీద ఇంత సిగ్గుపడను. మోటార్లు పెట్టిన ఏడు, అప్పగింత రోజున, ఇంజనీరు ఈ రిజిస్టరే నా ముందు పెట్టాడు. "ప్రత్యేకంగా గమనించవలసినవి" అని ఆఖరి గడి ఉంటుంది. "ఏమైనా ఉన్నాయాండీ?" అని అడిగాడు. ఆ పొద్దున్నే మా పద్నాలుగుమందికీ సెలవు కాగితాలిచ్చారు. నాకు ఒళ్ళు మండిపోతోంది. అంత తెలివైన మోటార్లయితే అవే కనుక్కుంటాయిలే అనుకున్నాను. "ఏమీ లేవు" అని రాసి సంతకం పెట్టాను. అతను అది నకలు రాసుకుని వెళ్ళాడు.

మోటారు బిగించినవాడు తలుపు తిరగబడి కదలడం చూసి, ఎవరికీ చెప్పకుండా తీగలు తారుమారు చేసి కలిపేసి ఉంటాడు. మోటారు మీద పదహారేళ్ళూ బాగానే నడిచింది. నేత్రానికి మాత్రం పన్నెండు తూములూ కుడి మరలే అని నేర్పారు. నేను రాసిచ్చిన మాట మీదే నేర్పారు.

ఆ పేజీ ఇదిగో, ఈ పేజీకి మూడు కాగితాల ముందుంది. తిప్పి చూడడానికి చెయ్యి రావడం లేదు.

షష్ఠి.

సత్తిరాజు బాబాయ్ దగ్గరికి వెళ్ళాను. ఎనభై మూడు. నాతోపాటు చేసినవాళ్ళలో మిగిలింది ఆయనొక్కడే. మంచంలో ఉన్నాడు కానీ నా గొంతు గుర్తుపట్టాడు.

"తాయారూ, పోటెంత?" అన్నాడు. లస్కరు లస్కరే.

"తక్కువే బాబాయ్. ఒక్క మాట చెప్పు. ఎడమ మర తూము ఏది?"

ఆలోచించనైనా లేదు. "ఏడోది" అన్నాడు.

"నాలుగోది కాదూ?"

"ఏడోదే అమ్మాయ్. నేను పకోడీలు కొన్నది ఏడోదానికే. నాలుగోది ఎప్పుడూ కుడే."

మళ్ళీ అడిగాను. మళ్ళీ ఏడన్నాడు. మూడోసారి అడిగితే విసుక్కుని గోడవైపు తిరిగాడు.

దారిలో రెండుచోట్ల కూర్చున్నాను. ఆయనది చాదస్తం, నాది జ్ఞాపకం అని నాకెవరు చెప్పారు? పులుసులో ఉప్పు రెండుసార్లు వేసిందెవరు? ఎవరి చెప్పులో వేసుకుని ఆఫీసుకెళ్ళిందెవరు? నూకకి తెలిసిందంతా నేను నేర్పిందే. నేర్పేటప్పుడే తప్పు చెప్పి ఉంటే? తర్వాత కట్టకి మరమ్మతులు జరిగాయి, మర మార్చేసి ఉంటే? అప్పుడు అది నిజంగానే తెరిచింది. లోవరాజునీ పైడితల్లినీ చంపింది నా మాట.

రెండు చేతులూ ముందుకి చాచి, కళ్ళు మూసుకుని, లేని చక్రాన్ని తిప్పి చూశాను. చేతులు ఎడమకే వెళ్ళాయి. కానీ ఈ వయసులో చేతుల్ని నమ్మొచ్చో లేదో, కిరీటి నిబంధనలు చెప్పేశాయి కదా. భయమేస్తోంది. ఇంత భయం ముప్ఫయ్యేళ్ళ పోటులో ఎప్పుడూ వెయ్యలేదు.

సప్తమి.

నిద్ర లేదు, కానీ దారి దొరికింది.

నేత్రం బొమ్మే సాక్ష్యమైతే, నేత్రానికే బొమ్మ చూపిస్తాను. నాలుగో తూము ఇప్పుడు మూసి, సీలేసి ఉంది. మోటారు విప్పేశారు, చక్రం మాత్రం ఉంది. నేను వెళ్ళి దాన్ని కుడికి తిప్పుతాను. అది కుడి మరే అయితే, మూసి ఉన్న తలుపు ఇంకేం మూసుకుంటుంది, చక్రం కదలదు. నా మతి పోయిందని తేలుతుంది. ఎడమ మర అయితే తలుపు లేచి, సముద్రం లోపలికొస్తుంది. తర్వాత ఎడమకి తిప్పి నేనే మూసెయ్యాలి.

మూయగలనా? ఆ చక్రానికి ఇద్దరు మగాళ్ళ బలం కావాలి.

రేపు అష్టమి. పదిహేను రోజుల్లో పోటు బాగా తక్కువుండేది రేపే. ఆటు పొద్దున తొమ్మిదింటికి ఆగుతుంది, పదింటికి పోటు మొదలవుతుంది. ఆటులో తెరిస్తే నీళ్ళు కట్ట అవతలికి పోతాయి, నేత్రానికి కనబడవు. మొదట్లో జానెడు నీళ్ళే. ఆపైన గంట గంటకీ పెరుగుతాయి. నవమికి తీర్పు. ఇంకో రోజు లేదు.

సాయంత్రం పల్లం వీధికి వెళ్ళి, రేపు పదింటికి అందరూ కట్టెక్కండి, పోటెక్కువుంటుందని చెప్పాను. అబద్ధం చెప్పడం కూడా చాతకాని దాన్ని.

"అష్టమినాడు పోటేటండీ మామ్మగారూ, మతేవన్నా పోయిందా?" అని నవ్వారు. లోవరాజు పెళ్ళాం నవ్వలేదు. బట్టలుతికిన బకెట్టు తెచ్చి ఆ నీళ్ళు నా కాళ్ళమీద పోసింది. "దానికి పని నేర్పింది నువ్వే కదే" అంది. అవునన్నాను. ఒక్కరూ కదిలేలా లేరు. ఆ పిల్లలు, ఆ ఇస్త్రీ బల్లలు, అన్నీ అక్కడే ఉంటాయి.

అష్టమి. పోటు తక్కువ.

కట్ట మీది కాపలా గదిలో కూర్చుని రాస్తున్నాను. సంచీలో రిజిస్టరుంటే తీసుకోలేదు, పాత పుస్తకమేగా అని వదిలేశారు.

పదీ అయిదుకి సీలు తెంపాను. చక్రం చల్లగా ఉంది. పక్క స్తంభానికి నేత్రం, దాని కింద స్క్రీను. నన్ను చూసి, "పెద్దలు జాగ్రత్త, మెట్లు తడిగా ఉన్నవి" అంది.

కుడికి తిప్పాను. కదల్లేదు.

మళ్ళీ తిప్పాను. లేదు. సత్తిరాజు బాబాయ్ మాటే నిజమనుకున్నాను. నేనే చంపానని అక్కడే కూలబడి ఏడ్చాను. ఏడ్చి ఏడ్చి, చీర కుచ్చిళ్ళు దోపి, వెంట తెచ్చుకున్న గునపం చక్రం ఆకుల మధ్య దూర్చి, దానిమీద నా బరువంతా వేసి వేలాడాను. నీళ్ళు రావాలని దేవుణ్ణి వేడుకున్న లస్కరు ఈ కట్టమీద ఇంకొకరుండరు.

కిర్రుమంది. కదిలింది.

ఒక చుట్టు. రెండు. నాలుగు చుట్లకి నాలుగు వేళ్ళ మేర తలుపు లేచింది. లోపలి కాలవలోకి ఉప్పునీళ్ళు బుసబుసా వచ్చాయి. స్క్రీను మీద పచ్చ దీపం వెలిగి, "మూస్తున్నది. సురక్షితం" అని చూపించింది. నీళ్ళొస్తుంటే సురక్షితమట! పిచ్చిదానిలా నవ్వాను. నా మతి నాకు దక్కింది.

ఇక మూయాలి. ఎడమకి తిప్పాను. వెంటనే ఎర్ర దీపం, సైరన్, "తెరుస్తున్నది, తెరుస్తున్నది" అని కేకలు. ఒక చుట్టు తిప్పాను. రెండో చుట్టు సగంలో నా కుడి భుజంలో ఏదో పట్టేసింది. చెయ్యి పైకి లేవలేదు. ఒంటిచేత్తో వేలాడాను. నీళ్ళు మొదటి మెట్టు దాటాయి.

అప్పుడొచ్చాడు తాతబ్బాయి. యాభై ఏళ్ళ మనిషి, ఒడ్డూ పొడుగూ. ఆ రోజు నూకని లాగినట్టే నన్నూ లాగి గట్టుమీద పడేశాడు.

"ఊరిని ముంచేత్తావా ముసల్దానా!" అని అరిచి, చక్రాన్ని కుడికి తిప్పడం మొదలెట్టాడు. సైరన్ ఆగిపోయింది. పచ్చ దీపం వెలిగింది.

"ఎడమకి, బాబూ, ఎడమకి!"

"నోర్ముయ్!" అని ఇంకా బలంగా తిప్పాడు. మూడు చుట్లు తిప్పాడు. నాలాగా కాదు, మనిషిలో బలముంది. కాలవలో నీళ్ళు రెండో మెట్టెక్కాయి, మూడోదెక్కాయి. కింద పల్లం వీధిలోంచి కేకలు వినిపించాయి.

"తాతబ్బాయ్! ఆ స్క్రీను వైపు చూడకు. నీ కాళ్ళ వైపు చూడు!"

చూశాడు. బూట్లు మునిగి ఉన్నాయి. చక్రం మీద చేతులు ఆగిపోయాయి. దీపం పచ్చగానే ఉంది. ఒకసారి దీపాన్ని, ఒకసారి నీళ్ళని చూశాడు. తర్వాత మెల్లిగా ఎడమకి తిప్పాడు. సైరన్ చెవులు చిల్లులు పడేలా మోగింది. తిప్పుతూనే ఉన్నాడు. అయిదు చుట్లకి నీళ్ళ మోత సన్నబడింది, ఇంకాస్తకి ఆగిపోయింది. "ప్రమాదం, తూము తెరిచి ఉన్నది" అని నేత్రం అరుస్తూనే ఉంది. లోపలికి చుక్క రావడం లేదు.

తాతబ్బాయి చక్రం వదల్లేదు. నా వైపు తిరిగి అడిగాడు.

"ఆ రోజు కూడా... నేను కుడికే తిప్పానండి. ఆ అమ్మాయిని లాగేసి. ఆయ్, బలంగా తిప్పానండి."

తాతబ్బాయి చక్రం వదిలేశాడు. ఆ తడి మెట్టుమీదే కూర్చుండిపోయి, చేతులు ముందు పెట్టుకుని చూసుకుంటున్నాడు. నా భుజం నొప్పి మర్చిపోయి, వెళ్ళి పక్కన కూర్చున్నాను. పల్లం వీధిలో మోకాలిలోతు వచ్చిందట. ఎవరికీ ఏమీ కాలేదట. ఆ కబురు వచ్చేదాకా నేను ఊపిరి తీసుకోలేదు.

ఏకాదశి.

బొమ్మ జ్యూరీకి చేరింది. చేర్చకుండా ఉండడానికి వాళ్ళకి వీల్లేదు, అందులో తిప్పినవాడు ప్రభుత్వ జవాను. పన్నెండుమందిలో ఒకావిడ చెయ్యెత్తి తనిఖీ అడిగింది. నవమినాడు అందరూ కట్టెక్కి, ఒక్కొక్కరే తిప్పి చూశారట. నూకని వదిలేశారు. విచారణకి పిలుస్తామని చెప్పి నన్నూ ఇంటికి పంపారు.

నిన్న ఇంటికొచ్చింది. నా చెయ్యి పట్టుకుని చాలాసేపు ఏడ్చింది. అప్పుడు రిజిస్టరు తీసి, ఆ పేజీ తిప్పి చూపించాను. "ఏమీ లేవు." కింద నా సంతకం.

చదివింది. మళ్ళీ చదివింది.

"ఇది రాసుంటే నేత్రానికి తెలిసేది కదా అత్తా. తాతబ్బాయి నన్ను లాగేవాడు కాదు" అంది.

"అవునే."

నా చెయ్యి వదిలేసింది. గుమ్మం దాటేటప్పుడు మోకాళ్ళెలా ఉన్నాయని అడగలేదు. తాతబ్బాయి శాలువా తీసుకెళ్ళి లోవరాజు గుమ్మంలో పెట్టి, మూడు రోజులుగా అక్కడే కూర్చున్నాడట. వాళ్ళకి దణ్ణం పెట్టాల్సింది నేను.

మధ్యాహ్నం కిరీటి స్వయంగా సమన్లు తెచ్చిచ్చాడు. సీలు తెంపడం ఒకటి, ఊళ్ళోకి సముద్రాన్ని వదలడం రెండు. వచ్చే పౌర్ణమికి నామీద జ్యూరీ కూర్చుంటుంది. రెండోది రుజువైతే గోడ దాటింపే.

"వయసు మినహాయింపేమైనా ఉందా బాబూ?" అని అడిగాను. నిజంగానే తెలుసుకుందామని.

తల వంచుకున్నాడు. "అది జ్యూరీకేనండీ. ముద్దాయిలకి లేదండీ."

కాగితం మొత్తం రెండుసార్లు చదివాను. నేను చేసిన నేరం అందులో ఎక్కడా లేదు. అదే చెప్పాను. రిజిస్టరు తెరిచి, పదహారేళ్ళ కిందటి పేజీ అతని ముందు పెట్టి, ఇది కూడా చేర్చు బాబూ అన్నాను. అతను కళ్ళజోడు తీసి తుడుచుకుని, ఇది నేత్రం చూసింది కాదు కదండీ, చెల్లదండీ అన్నాడు.

అతను వెళ్ళాక కలం తీసుకున్నాను. "ఏమీ లేవు" అన్న మాటని అడ్డంగా కొట్టేసి, పక్కన ఇవాళ్టి తిథి వేసి, గడిలో పట్టేటంత చిన్న అక్షరాలతో రాశాను.

ప్రత్యేకంగా గమనించవలసినవి: నాలుగో తూము ఎడమ మర. ఎడమకి తిప్పితే మూసుకుంటుంది. ఇట్లు, మంగతాయారు, హెడ్ లస్కరు.